అవటు గ్రంథిని తీసివేసిన తరువాత

1874వ సంవత్సరం జనవరి నెలలో స్విట్జర్లాండు దేశంలోని బెర్న్ నగరంలో పదకొండేళ్ళ బాలికకు గొంతుపై శస్త్రచికిత్స జరిగింది. ఆమెకు గళగండము ఉన్నది. అనగా, గొంతు ముందు భాగంలో ఉండే అవటు గ్రంథి, వైద్యులు థైరాయిడ్ అని పిలిచే గ్రంథి, ఉబ్బి ఊపిరికి అడ్డు తగులుతున్నది. చికిత్స చేసినవాడు థియొడోర్ కోఖర్ అనే ముప్పైరెండేళ్ళ ఆచార్యుడు. అతడు గ్రంథిని పూర్తిగా తీసివేశాడు. గాయము చక్కగా మానినది. పిల్లను ఇంటికి పంపివేశారు. గొంతుపై కత్తి పెడితే రక్తస్రావము వల్లనో, గాయము చీము పట్టుట వల్లనో రోగి మరణించడం మామూలుగా ఉన్న ఆ రోజులలో ఇది చిన్న విజయము కాదు.

కొన్ని నెలల తరువాత, ఆ బాలికను కోఖర్ వద్దకు పంపిన ఫెచెరిన్ అనే వైద్యుడు ఒక వార్త తెలియజేశాడు. పూర్వము ఆడుతూ పాడుతూ ఉండిన పిల్ల ఇప్పుడు మందకొడిగా, ముభావంగా తయారైనదనీ, ఏ పనీ చురుకుగా చేయలేకపోతున్నదనీ దాని సారాంశము. కోఖర్ దీనికి అంతగా విలువ ఇవ్వలేదు. గొంతు కోసినందుకు బుద్ధి మందగిస్తుందని ఎవరు నమ్ముతారు?

1882లో జెనీవా నగరపు శస్త్రవైద్యుడు జాక్ రెవెర్డాఁ తన రోగులలో కొందరికి ఇటువంటి మార్పే వచ్చినదని చెప్పినప్పుడు కోఖర్‌కు పాత సంగతి గుర్తుకు వచ్చింది. తాను పూర్వము చికిత్స చేసినవారిని తిరిగి పిలిపించాడు. గ్రంథిని పూర్తిగా పోగొట్టుకొని పరీక్షకు వచ్చిన 18 మందిలో 16 మంది ఒకే తీరుగా ఉన్నారు. ముఖాలు ఉబ్బినవి, చర్మము మందమెక్కి పొడిబారినది, మాట నెమ్మదించినది, ఎండలో కూడ చలి అంటున్నారు. తొమ్మిదేళ్ళ క్రిందటి ఆ బాలిక కూడ వచ్చింది. చికిత్సకు ముందు ఆమె, ఆమె చెల్లెలు దాదాపు ఒకే ఎత్తు. ఇప్పుడు చెల్లెలు ఎదిగిన యువతి. అక్క మాత్రం ఆనాటి పొడవులోనే ఆగిపోయింది. 1883 ఏప్రిల్‌లో బెర్లిన్ నగరంలో జరిగిన జర్మన్ శస్త్రవైద్యుల సభలో కోఖర్ ఈ విషయము దాచకుండా ప్రకటించాడు. గళగండానికి గ్రంథినంతటినీ తీసివేయరాదని అప్పటినుండి నియమము పెట్టుకొన్నాడు. శ్వాసనాళము దెబ్బతిని గాలి చాలకపోవడమే దీనికి కారణమని ఆయన మొదట ఊహించినది మాత్రం పొరపాటు.

స్విట్జర్లాండులో గళగండము అంత విరివిగా ఉండటానికి కారణము అక్కడి కొండనేలలో అయోడిన్ లేకపోవడము. ఆ దేశంలో 1922 నుండి ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టిన తరువాత ఆ జబ్బు తగ్గిపోయింది. మన దేశంలో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఇదే సంగతిని 1956లో ప్రారంభమైన పరిశోధనలో రుజువు చేసినవారిలో ముఖ్యుడు శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. ఈనాడు అవటు గ్రంథిని తీసివేయవలసి వచ్చేది ఎక్కువగా క్యాన్సర్ వల్లనో, ఊపిరిని నొక్కే పెద్ద గడ్డల వల్లనో, గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి వల్లనో.

శస్త్రచికిత్స ఈనాడు ఎంతో సురక్షితము. అయినా రోగి శరీరములో కలిగే మార్పులు కోఖర్ చూచినవే. అవి ఎప్పుడు, ఏ వరుసలో, ఎందుకు కలుగుతాయో తెలిసివుంటే రోగికి భయము తగ్గుతుంది, అసలు భయపడవలసిన గుర్తులను గుర్తుపట్టడమూ వీలవుతుంది.

మొదటి ఒకటి రెండు రోజుల బాధలు చాలావరకు గొంతుకు సంబంధించినవే, హార్మోనులకు సంబంధించినవి కావు. మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళములోనికి పెట్టిన గొట్టము వల్ల గొంతు గరగరలాడుతుంది. చికిత్స సమయంలో తలను వెనుకకు వంచి ఉంచడం వల్ల మెడ పట్టేస్తుంది. కోతకు పైభాగాన చర్మము మొద్దుబారి, తాకితే ఎవరిదో చర్మము తాకినట్లుంటుంది. అక్కడి సన్నని నరాలు తెగడమే అందుకు కారణము. మ్రింగినప్పుడు గొంతులో ఏదో లాగుతున్నట్లు, ముద్ద అడ్డుపడినట్లు కొన్ని వారాలపాటు అనిపించవచ్చు. మ్రింగునప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది. మానుతున్న గాయపు కణజాలము దానిని అంటుకొని కూడా కదులుతుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

గొంతు బొంగురుపోవడం కూడ కొద్దిరోజుల్లో తగ్గేదే. కాని స్వరపేటికను కదలించే నరము ఒకటి గ్రంథి వెనుకనుండి పైకి పోతుంది. దానికి దెబ్బ తగిలితే స్వరతంత్రి ఒకటి కదలక మాట గాలివారిపోతుంది, నీళ్ళు త్రాగితే పొలమారుతుంది. నరము తెగకుండా నలిగినదైతే కొన్ని నెలలలో కోలుకొంటుంది. మొదటి రోజున మెడ ఉబ్బి, బిగుసుకొని, ఊపిరి ఆడకపోతే మాత్రం అది లోపలి రక్తస్రావము. అప్పుడు ఒక్క నిమిషమైనా ఆలస్యము చేయరాదు.

రెండవ మూడవ రోజున మరొక కథ మొదలు కావచ్చు. పెదవుల చుట్టూ చీమలు పాకినట్లుంటుంది. వ్రేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతాయి. తరువాత పిక్కలు పట్టేస్తాయి. ఇంకా ముదిరితే చేయి దానంతట అదే ముడుచుకొంటుంది: బొటనవ్రేలు అరచేతిలోనికి పోయి, మిగిలిన నాలుగు వ్రేళ్ళు నిటారుగా ఒకదాని కొకటి చేరి, గాజులవాడు గాజు తొడిగేటప్పుడు పట్టుకొన్న చేయి ఎట్లుంటుందో అట్లుంటుంది. దీనిని టెటనీ అంటారు. ధనుర్వాతానికి టెటనస్ అని పేరున్నది కాని, ఇది అది కాదు.

ఈ బాధకు కారణము అవటు గ్రంథి కానే కాదు. దాని వెనుక, పైన రెండు, క్రింద రెండు, సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులున్నవి. ఒక్కొక్కటి కందిబద్దంత; రంగు కూడ ఇంచుమించు అదే. వీటిని పార్శ్వావటు గ్రంథులు, అనగా పారాథైరాయిడ్ గ్రంథులు అంటారు. స్వీడన్ దేశంలోని ఉప్సాలాలో ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అనే వైద్యవిద్యార్థి వీటిని గుర్తించి 1880లో వర్ణించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1891లో పారిస్ నగరంలో గ్లే అనే శాస్త్రజ్ఞుడు వీటిని తిరిగి వెలికితీసిన తరువాతగాని వీటి ప్రాముఖ్యము తెలియలేదు. వీటి హార్మోను రక్తములోని కాల్షియమును, పాత పుస్తకాలలో ఖటికము అన్నదానిని, ఒక మట్టములో నిలుపుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తరసములో ఆ మట్టము సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాములు. తగ్గినప్పుడు ఎముకలనుండి తీయిస్తుంది, మూత్రములో పోకుండా ఆపుతుంది, ప్రేగులనుండి ఎక్కువ గ్రహింపజేస్తుంది.

కాల్షియము తగ్గితే తిమ్మిరి ఎందుకు? నరపు తంతువు పొరలో సోడియము అణువులు లోనికి పోయే ద్వారాలు ఉన్నవి. బయట ఉన్న కాల్షియము ఈ ద్వారాలు తేలికగా తెరచుకోకుండా ఒక అదుపుగా పనిచేస్తుంది. అదుపు తగ్గినప్పుడు ఏ ప్రేరణా లేకుండానే ద్వారాలు తెరచుకొని నరము తనంతట తాను సంకేతాలు పంపుతుంది. స్పర్శను తెలిపే నరాలలో ఇది జరిగితే చీమలు పాకినట్లుంటుంది. కండరాలను కదలించే నరాలలో జరిగితే కండరము బిగుసుకొంటుంది. చెవికి ముందు చెంపపై వ్రేలితో తట్టినప్పుడు పెదవి కొస అదరడం, రక్తపు పోటు కొలిచే పట్టీని దండచేతికి బిగించినప్పుడు చేయి ముడుచుకొనడం వైద్యులు చూచే పరీక్షలు.

ఇక్కడ ఒక విచిత్రమున్నది. తిమ్మిరి చూచి భయపడిన రోగి గబగబా ఊపిరి తీస్తాడు. అందువల్ల బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తము కొంచెము క్షారగుణము పొందుతుంది. అప్పుడు రక్తములోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మరికొంత కాల్షియమును పట్టుకొంటుంది. నరాలకు అందే స్వేచ్ఛాకాల్షియము ఇంకా తగ్గుతుంది. భయము తిమ్మిరిని పెంచుతుంది, తిమ్మిరి భయాన్ని పెంచుతుంది. ‘ఉత్త భయమే’ అని ప్రక్కవారు కొట్టివేసే ఈ బాధకు ఇంత రసాయనశాస్త్రమున్నది.

చిన్న గ్రంథులు నలిగినా, వాటికి రక్తము తెచ్చే సన్నని నాళాలు దెబ్బతిన్నా అవి కొన్నాళ్ళు పనిచేయవు. వాటి హార్మోను రక్తములో నిలిచేది కొద్ది నిమిషాలే. ఆ కారణంగా లోటు ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. కాల్షియము మాత్రలు, విటమిన్ డి ఇచ్చి, తీవ్రమైనప్పుడు కాల్షియము లవణాన్ని సిరలోనికి ఎక్కించి కాపాడుతారు. కాల్షియము టెటనీని ఉపశమింపజేస్తుందని 1909లో అమెరికాలో మెకల్లమ్, ఫెగ్ట్‌లిన్ అనేవారు చూపించారు. చాలమందికి కొన్ని వారాలలో గ్రంథులు తేరుకొంటాయి. కొద్దిమందికి మాత్రం మందు జీవితాంతము కావలసివస్తుంది. గ్రేవ్స్ వ్యాధి ఉన్నవారిలో ఎముకలు అప్పటిదాకా కరగిపోతూ ఉండి, చికిత్స కాగానే కాల్షియమును ఆబగా లాగుకొనడం వల్ల లోటు మరింత ఎక్కువగా ఉండవచ్చు.

వియన్నా నగరంలో ప్రసిద్ధుడైన బిల్‌రోత్ రోగులకు టెటనీ ఎక్కువగా వచ్చేది, కోఖర్ రోగులకు మందకొడితనము వచ్చేది. ఇద్దరూ ఉద్దండులే. వారిద్దరి పనీ చూచిన అమెరికన్ శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ తరువాతి కాలంలో కారణము ఊహించాడు. కోఖర్ రక్తము చిందకుండా, నిదానంగా, గ్రంథిని దాని పొరతో సహా ఒలిచి పూర్తిగా తీసేవాడు. చిన్న గ్రంథులు అక్కడే మిగిలేవి. బిల్‌రోత్ వేగంగా చేసేవాడు. అవటు గ్రంథి ముక్కలు కొన్ని మిగిలేవి, చిన్న గ్రంథులు పోయేవి. చేతివాటము ఎట్లుంటే రోగము అట్లు.

ఇప్పుడు అవటు గ్రంథి సొంత హార్మోను సంగతి. దాని పేరు థైరాక్సిన్. ఒక్కొక్క అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు. బరువులో మూడింట రెండు వంతులు అయోడినే. రక్తములో ఇది దాదాపు అంతా మాంసకృత్తులకు అంటుకొని తిరుగుతుంది. అందువల్ల త్వరగా నశించదు. దాని అర్ధాయువు సుమారు ఏడు రోజులు. తరగతిలో నల్లబల్లపై ఈ లెక్క చేసి చూపవచ్చు. గ్రంథి తీసిన నాడు రక్తములో వంద పాళ్ళున్నదనుకొంటే, వారానికి 50, రెండు వారాలకు 25, మూడు వారాలకు 12.5, నాలుగు వారాలకు 6.25. వాగు ఎండినా చెరువులో నీరున్నంతకాలము పొలానికి తడి అందినట్లు, గ్రంథి పోయినా కొన్నాళ్ళు శరీరానికి లోటు తెలియదు. కోఖర్ రోగులు గాయము మాని సంతోషంగా ఇంటికి పోవడము, తరువాత ఎక్కడో పల్లెలో మందగించిపోవడము ఇందువల్లనే. ఆసుపత్రిలో ఎవరికీ ఏమీ కనబడలేదు.

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి మాత్రం ఈ తగ్గుదలను వెంటనే పసికడుతుంది. అది అవటు గ్రంథిని పురికొల్పే టి.ఎస్.హెచ్. అనే హార్మోనును విడుదల చేస్తుంది. థైరాక్సిన్ సగానికి తగ్గితే ఇది రెండింతలు కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుచేతనే వైద్యులు థైరాక్సిన్ కంటె దీనినే ముందుగా కొలుస్తారు. ఆరోగ్యవంతులలో లీటరుకు సుమారు 0.4 నుండి 4 మిల్లీయూనిట్లుండేది, మందు లేకుండా వదలివేస్తే కొన్ని వారాలలో 30 దాటిపోవచ్చు. వినేందుకు గ్రంథి లేదు, అయినా పిలుపు పెరుగుతూనే ఉంటుంది.

లోటు ముదిరినప్పుడు కలిగే అనుభవాలు ఒకదానితో ఒకటి సంబంధము లేనివిగా తోస్తాయి. చలి, మలబద్ధము, మతిమరుపు, జుట్టు రాలడం, కాళ్ళు బరువెక్కడం, స్త్రీలకు నెలసరి ఎక్కువ కావడం. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వైద్యుని దగ్గరకు పోయేవారు కూడ ఉన్నారు. కాని మూలము ఒకటే. థైరాక్సిన్ కణజాలములో ఒక అయోడిన్ పరమాణువును వదలి ట్రైఅయొడోథైరొనిన్‌గా మారుతుంది. ఇది జీవకణపు కేంద్రకములోనికి పోయి కొన్ని జన్యువులను పనికి పురికొల్పుతుంది. ఆహారాన్ని మండించి వేడిని పుట్టించే యంత్రాంగము దాని ఆజ్ఞపై నడుస్తుంది. హార్మోను పూర్తిగా లేనప్పుడు, విశ్రాంతిలో శరీరము ఖర్చుచేసే శక్తి దాదాపు నూటికి నలభై పాళ్ళు తగ్గిపోగలదు. వేసవిలో దుప్పటి కప్పుకొనే మనిషి నటించడంలేదు. అతని పొయ్యిలో నిజంగానే మంట తగ్గినది. గుండె నెమ్మదిస్తుంది, ప్రేగులు నెమ్మదిస్తవి, ఆలోచన కూడ నెమ్మదిస్తుంది.

ముఖము ఉబ్బడం మాత్రం నీరు పట్టడం వంటిది కాదు. చర్మము క్రింద హయలురోనిక్ ఆమ్లము వంటి జిగురు పదార్థాలు పేరుకొని నీటిని పట్టి ఉంచుతవి. వ్రేలితో నొక్కితే గుంట పడదు. ఇదే జిగురు స్వరతంత్రులలో చేరితే గొంతు బొంగురుపోతుంది. మొదటి వారపు బొంగురు వేరు, రెండవ నెల బొంగురు వేరు అని గమనించాలి. కెరొటిన్ విటమిన్ ఎ గా మారడం కూడ తగ్గి అరచేతులు పసుపుపచ్చగా కనబడవచ్చు. కళ్ళు తెల్లగానే ఉంటవి కనుక పచ్చకామెర్లు కావని తెలుసుకోవచ్చు.

గ్రంథి లేకపోవడమే ఈ జబ్బుకు కారణమని 1883లో లండనులో సెమన్ అనే వైద్యుడు అన్నప్పుడు తోటివారు నమ్మలేదు. ఐదేళ్ళ తరువాత అక్కడి వైద్యసంఘము నియమించిన కమిటీ దానినే నిజమని తేల్చింది. 1891లో న్యూకాజిల్ వైద్యుడు జార్జి ముర్రే గొర్రె అవటు గ్రంథి రసమును 46 ఏళ్ళ స్త్రీకి సూదిద్వారా ఎక్కించాడు. ఆమె తేరుకొన్నది, ఆ మందు సాయముతో మరి 28 సంవత్సరాలు బ్రతికింది. 1914 డిసెంబరు 25న అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ శుద్ధమైన హార్మోనును స్ఫటికరూపంలో వేరుచేశాడు. తరువాత కొన్ని సంవత్సరాలలో ఆయన సుమారు మూడు టన్నుల పంది గ్రంథులనుండి తీయగలిగినది ముప్పై గ్రాముల చిల్లర. 1927లో హారింగ్టన్, బార్జర్ దానిని ప్రయోగశాలలో తయారుచేశారు. పెద్దవారికి రోజుకు కావలసినది ఒక కిలోగ్రాము శరీరపు బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. రోజుకు వంద మైక్రోగ్రాములు వాడేవారికి ఒక గ్రాము మందు పదివేల రోజులకు, అనగా ఇరవైఏడేళ్ళకు సరిపోతుంది.

అంత కొద్దిపాటి మందు గనుక, దానిని ప్రేగులు గ్రహించడంలో చిన్న తేడా వచ్చినా శరీరానికి తెలుస్తుంది. ప్రొద్దున పరగడుపున నీళ్ళతో మాత్ర వేసుకొని అరగంటనుండి గంట వరకు ఆగాలి. లేవగానే కాఫీ త్రాగకపోతే తోచని మన ఇళ్ళలో ఈ నియమమే ముందుగా తప్పుతుంది. కాల్షియము మాత్ర, ఇనుము మాత్ర కూడ థైరాక్సిన్‌ను పట్టివేస్తవి. వాటికి నాలుగు గంటల ఎడము కావాలి. తిమ్మిరికని ఇచ్చిన కాల్షియమును థైరాక్సిన్‌తో కలిపి మ్రింగి, నెల తరువాత నీరసమని వచ్చే రోగికి కారణము ఇదే కావచ్చు. ఇక క్యాబేజీ, కాలీఫ్లవరు తినరాదనే భయము గ్రంథి పూర్తిగా తీసినవారికి నిరాధారము. అవి అడ్డుకొనేది గ్రంథి అయోడిన్‌ను తీసుకోవడాన్ని, గ్రంథే లేదు. అదే కారణంగా అయోడిన్ ఉప్పు ఎంత తిన్నా మాత్రకు బదులు కాదు.

మోతాదు మార్చిన వెంటనే రక్తపరీక్ష చేయించి ప్రయోజనము లేదు. వారానికి సగము చొప్పున మారే పదార్థము కొత్త మట్టానికి చేరి, పీయూష గ్రంథి సర్దుకొనేసరికి సుమారు ఆరు వారాలు పడుతుంది. మోతాదు ఎక్కువైతే లక్షణాలు తలక్రిందులవుతవి: గుండె దడదడలాడుతుంది, చేతులు వణకుతవి, చెమట పడుతుంది, నిద్ర పట్టదు. కొన్ని రకాల క్యాన్సర్‌కు చికిత్స పొందినవారిలో టి.ఎస్.హెచ్. మిగిలిన కణాలను పురికొల్పకుండా వైద్యులు కావాలనే మోతాదు కొంచెము ఎక్కువగా ఉంచుతారు. అటువంటివారు దడ కలిగినదని తమంతట తాము మాత్ర మానరాదు.

గ్రంథిలో ఒక సగమునే తీసినవారిలో మిగిలిన సగము పని పెంచుకొంటుంది. ఐదుగురిలో సుమారు ఒకరికి మాత్రమే మందు అవసరమవుతుంది. మందు సక్రమంగా వాడి, పరీక్షల అంకెలు సరిగా ఉన్నా అలసట, మందకొడితనము పోలేదని చెప్పేవారు కొందరున్నారు. ఆరోగ్యవంతుని గ్రంథి కొంత ట్రైఅయొడోథైరొనిన్‌ను కూడ నేరుగా విడుదల చేస్తుంది. మాత్రలో అది లేదు. రెండు హార్మోనులూ కలిపి ఇచ్చి చూచిన పరిశోధనలలో అందరికీ మేలు కలిగినట్లు స్థిరపడలేదు. అంతమాత్రాన వారి బాధ కల్పితమని త్రోసివేయడం తగదు. ఫెచెరిన్ పంపిన వార్తకు కూడ 1874లో ఏ అంకెల ఆధారమూ లేదు.

గ్రంథి తీసిన స్త్రీ గర్భవతి అయినప్పుడు లెక్క మళ్ళీ మారుతుంది. మందు అవసరము మొదటి వారాలలోనే నూటికి ముప్పై పాళ్ళదాకా పెరగవచ్చు. గర్భము తెలియగానే వైద్యుని చూడాలి. నెలల పరీక్ష వరకు ఆగరాదు. శిశువు మెదడు తొలి నిర్మాణము జరిగే ఆ కాలంలో బిడ్డ అవటు గ్రంథి ఇంకా పని ప్రారంభించదు. సుమారు పన్నెండవ వారము దాటేవరకు బిడ్డకు అందే హార్మోను అంతా తల్లి రక్తమునుండి, అనగా ఆమె ప్రొద్దున వేసుకొనే ఆ మాత్రనుండి, రావలసినదే.